అట్ట లోపలి చీటీ

పిన్ని కాలేజీ లైబ్రరీలో కేటలాగులు రాసి రిటైరైంది. ఆమె అక్క కొడుకు చెక్క మీదా లినోలియం మీదా బొమ్మలు చెక్కి అచ్చులు తీసే చిత్రకారుడు. పాత బుక్‌ప్లేట్లు సేకరిస్తాడు, అడిగినవాళ్ళకు కొత్తవి చేసిస్తాడు. విజయవాడలో ఇల్లు మారబోతూ పిన్ని తన పుస్తకాలన్నీ ఒక లైబ్రరీకి ఇచ్చేద్దామనుకుంది. బీరువాలు ఖాళీ చేయడానికి వచ్చిన అబ్బాయికీ ఆమెకీ మధ్య ఈ వాదన నడిచింది. ఇద్దరి మాటలూ నాకు విలువైనవే. ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా పిన్ని వైపున్నాను. అదేదో చదివితే తెలుస్తుంది.

అబ్బాయి: ఇన్ని పుస్తకాలున్నాయి, ఒక్కదాంట్లోనూ నీ బుక్‌ప్లేటు లేదేంటి పిన్నీ? లైబ్రరీకి వెళ్ళాక ఇవి నీవని ఎవరికి తెలుస్తుంది?

పిన్ని: తెలియకపోతే వచ్చే నష్టమేంట్రా? బుక్‌ప్లేటంటే నువ్వు ఆల్బంలో దాచుకునే ఆ బొమ్మల చీటీలేగా?

అబ్బాయి: అవే. అట్ట తెరవగానే లోపలివైపు అతికించే చిన్న అచ్చు కాగితం. పైన 'ఎక్స్ లిబ్రిస్' అని లాటిన్‌లో ఉంటుంది, ఫలానావారి పుస్తకాల్లోది అని. కింద పేరు, మధ్యలో బొమ్మ. ఆ బొమ్మ చూస్తే యజమాని ఎలాంటివాడో చెప్పెయ్యొచ్చు.

పిన్ని: ఏదీ, చెప్పు.

అబ్బాయి: సిగ్మండ్ ఫ్రాయిడ్‌ది తీసుకో. 1901 ప్రాంతంలో బెర్టోల్ట్ లోఫ్లర్ అనే వియన్నా చిత్రకారుడు చేశాడు. పొడుపుకథ వేసే స్ఫింక్స్ ఎదురుగా నిలబడ్డ ఈడిపస్ బొమ్మ. మనిషి మనసనే పొడుపుకథ విప్పడానికే బతుకంతా ధారపోసినవాడు ఇంకే బొమ్మ పెట్టుకుంటాడు? జాక్ లండన్ చీటీలో తోడేలు తల ఉంటుంది. ఆయన కట్టించుకున్న ఇంటికి కూడా తోడేలు పేరే పెట్టాడు. 1917లో ఎరిక్ బ్యూట్నర్ ఐన్‌స్టైన్‌కి చేసినదాంట్లో ఒక మనిషి కొండకొమ్మున నిలబడి చుక్కలకేసి చేతులు చాస్తుంటాడు. రుడ్యార్డ్ కిప్లింగ్‌దైతే మన దేశపు బొమ్మే. ఏనుగు మీద కూర్చుని హుక్కా పీలుస్తూ పుస్తకం చదువుకునే మనిషి. గీసింది వాళ్ళ నాన్న జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్, లాహోరు మ్యూజియానికి క్యూరేటరుగా చేసినాయన. ఈ నాలుగూ చూశాక ఆ నలుగురూ నీ కళ్ళముందు నిలబడలేదూ?

పిన్ని: నిలబడ్డారు. ఎందుకంటే నువ్వు పేర్లు ముందే చెప్పావు. పేరు మూసేసి ఆ చీటీలు నా చేతికియ్యి. కొండెక్కి చుక్కలకేసి చేతులు చాపినవాడు కవి కావచ్చు, జాతకాలు చెప్పేవాడు కావచ్చు. ఏనుగెక్కినవాడు ఏ జమీందారో అనుకుంటాను. వాళ్ళ గురించి నీకు తెలిసిందే ఆ బొమ్మ నీకు తిరిగి చెబుతోంది. పైగా ఆ బొమ్మ ఎవరు ఎంచుకున్నారు? వాళ్ళేగా. ఫొటో తీయించుకునే రోజున మనిషి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చుంటాడు. బుక్‌ప్లేటు ఆ ఫొటోలాంటిది. ఇంట్లో ఎలా ఉంటాడో దాంట్లో కనపడదు.

అబ్బాయి: ఎలా కనపడాలని కోరుకున్నాడన్నది కూడా ఆ మనిషి గురించిన సంగతే కదా. 15వ శతాబ్దంలో జర్మనీలో యోహాన్నెస్ క్నాబెన్స్‌బర్గ్ అనే పాదిరీ ఉండేవాడు. ఇగ్లర్ అని ఆయన మారుపేరు. ఆ పేరు హెడ్జ్‌హాగ్ అనే ముళ్ళ జంతువును గుర్తుచేస్తుంది కాబట్టి, నోట పువ్వు కరుచుకున్న హెడ్జ్‌హాగ్‌నే చెక్క మీద చెక్కించి అచ్చు వేయించుకున్నాడు. ఈ పుస్తకం జోలికొస్తే ముళ్ళ ముద్దు తప్పదన్న అర్థంలో పైన ఒక మాట కూడా పెట్టించాడు. ఇప్పటిదాకా దొరికిన అచ్చు చీటీల్లో అతి పాతవాటిలో అదొకటి. అయిదొందల ఏళ్ళ తర్వాత కూడా నాకు ఆ మనిషి గొంతు వినిపిస్తుంది. పుస్తకమంటే ప్రాణం, ఎరువిచ్చి పోగొట్టుకున్న అనుభవం ఉంది, కోపం ఉంది, ఆ కోపాన్ని నవ్వుగా మార్చుకునే మనసూ ఉంది.

పిన్ని: ఆయన దగ్గర ఓడిపోయాననుకో. కానీ అలాంటివాళ్ళు ఎంతమంది? ఆ తర్వాత మూడొందల ఏళ్ళపాటు యూరప్ చీటీల మీద ఉన్నది వంశచిహ్నాలే కదా. డాలు, సింహం, కిరీటం, రిబ్బను మీద లాటిన్ మాట. తాత డాలే తండ్రిదీ, తండ్రిదే కొడుకుదీ. కొడుకు చదివేవాడో కాదో ఆ డాలు చెబుతుందా?

అబ్బాయి: చదువు సంగతి చెప్పదు, కాలం చెబుతుంది. డాలు చుట్టూ చెక్కే నగిషీ ఫ్యాషన్‌తో పాటు మారుతూ వచ్చింది. జాన్ లీస్టర్ వారెన్ బుక్‌ప్లేట్ల మీద 1880లో రాసిన పుస్తకంలో ఆ తీరుల్ని జాకోబియన్, చిప్పెండేల్ అని విడగొట్టాడు. చిప్పెండేల్ అంటే కుర్చీలూ బీరువాలూ చేసినాయన పేరే. ఆ చట్రం చూసి చీటీ ఏ కాలానిదో ఉజ్జాయింపుగా చెప్పెయ్యొచ్చు.

పిన్ని: అది చెక్కినవాడి చేతివాటం, ఆ కాలపు మోజు. యజమాని అందులో ఎక్కడున్నాడు?

అబ్బాయి: డాలు ఆకారంలో ఉన్నాడు. లేదా ఉంది. ఇంగ్లండులో వంశచిహ్నాల పాత పద్ధతి ప్రకారం పెళ్ళికాని ఆడవాళ్ళకూ వితంతువులకూ డాలు ఇచ్చేవారు కాదు. డాలు యుద్ధానికెళ్ళే మగవాడిదట. ఆడవాళ్ళకు డైమండు ఆకారంలో ఒక గడి. పెళ్ళయితే ఆమె పుట్టింటి గుర్తును భర్త డాలులోనే ఒక పక్కన ఇరికించేవారు. అంటే పేరు చదవకుండానే, ఆ పుస్తకం కొన్న మనిషి ఆడదా, ఒంటరిదా, ఒకరి భార్యా అని తెలిసిపోతుంది. ఆడవాళ్ళ బుక్‌ప్లేట్ల మీదే 1895లో నోర్నా లబూషేర్ ఒక పుస్తకం రాసింది. చదవడానికి పుస్తకం కొనుక్కున్న స్త్రీ దాని మీద ఏ హోదాలో తన పేరు వేసుకోవాల్సి వచ్చిందో చెప్పే చీటీలు అవి.

పిన్ని: ఇది వినదగ్గ మాట. అయితే ఇటు రా, ఈ అర చూడు. ఈ పుస్తకాల మొదటి పేజీల మీద ఎవరి పేరుంది?

అబ్బాయి: బాబాయిది. చాలావాటి మీద ఆయనదే.

పిన్ని: వీటిలో ఎక్కువ భాగం నా జీతంతో నేను కొన్నవి, నేను చదివినవి. కొన్న రోజున ఇంటికి తెచ్చి, పెన్ను ఆయన చేతికిచ్చి పేరు రాయమనేదాన్ని. ఇంట్లో పుస్తకం మీద ఇంటాయన పేరుండాలని మా అమ్మ దగ్గర నేర్చుకున్న అలవాటు అది. రేపు లైబ్రరీలో ఎవరో అట్ట తెరిచి, శరత్ నవలల తెలుగు అనువాదాలన్నీ ఈయన ఒక్కటీ వదలకుండా చదివాడు కాబోలు అనుకుంటారు. పేరు చూసి చదివినవాళ్ళెవరో చెప్పడం ఎంత తప్పో ఈ అరే సాక్ష్యం. అందుకే అంటున్నాను, చదివినవాళ్ళను పట్టుకోవాలంటే చీటీ కాదు, పెన్సిలు గీతలు చూడాలి. మడిచిన మూల చూడాలి. పోపు వాసన అంటిన పేజీ చూడాలి.

అబ్బాయి: పెన్సిలు గీత ఎవరిదో ఎలా చెబుతావ్?

పిన్ని: ఆగు, ముందు నా మాట పూర్తి చేయనీ. ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ సంగతి తెలుసుగా. ఎరువు తీసుకున్న పుస్తకాల మార్జిన్ల నిండా రాసి తిరిగిచ్చేవాడు. అలా తిరిగొచ్చిన పుస్తకం విలువ పెరిగి వస్తుందని ఆయన స్నేహితుడు చార్లెస్ లాంబ్ తన వ్యాసంలో మెచ్చుకున్నాడు. ఇంకో మనిషిని కూడా తీసుకో. హిట్లరుకు బుక్‌ప్లేటు ఉండేది, గద్దా స్వస్తికా ఉన్నది. ఆయన పుస్తకాలు సుమారు 1,200 ఇప్పుడు వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. తిమతీ రైబ్యాక్ అనే చరిత్రకారుడు వాటిని తిరగేసి 2008లో పుస్తకం రాశాడు. రైబ్యాక్ నమ్ముకున్నది వేటిని? కొన్ని పేరాల పక్కన పెన్సిలుతో గీసిన నిలువు గీతల్ని. కానుకగా వచ్చి, తెరవకుండానే ఉండిపోయిన పుస్తకాలూ ఆ గుట్టలో ఉన్నాయి. చదివినదాంట్లోనూ, చదవనిదాంట్లోనూ ఒకటే గద్ద. ఆ చీటీ ఏం చెప్పినట్టు?

అబ్బాయి: ఆ పెన్సిలు గీతల్ని హిట్లరు గీతలు అనుకోవడానికి కారణం చెప్పింది! గీత కింద సంతకం ఉండదు పిన్నీ. ఆ పుస్తకం ఎవరి బీరువాలో ఉండేదో తెలియకపోతే, ఆ గీత ఎవరో ఒకరి గీత, అంతే. నువ్వు గొప్పగా చెప్పే మడిచిన మూలకీ పోపు వాసనకీ ఒక మనిషితో ముడి వేసేది ఆ చీటీయే.

పిన్ని: ఆ ముడి అవసరమేలే, ఒప్పుకుంటాను. అయితే నేననేది ఇది. చీటీ యజమాని మనసు చెప్పదు. పుస్తకం వచ్చిన దారి చెబుతుంది. ఆ రెండింటినీ కలపకు.

అబ్బాయి: మనసు కూడా చెప్పిన చీటీ ఒకటి చూపిస్తాను. 1500 దాటిన కొద్దికాలానికే ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ తన ప్రాణస్నేహితుడు, న్యూరెంబర్గ్ పండితుడు విల్లిబాల్డ్ పిర్క్‌హైమర్‌కి చెక్క అచ్చు చేసిచ్చాడు. దాని మీద, ఈ పుస్తకం నాకూ నా స్నేహితులకూ అన్న మాట లాటిన్‌లో ఉంది. ఫ్రాన్సులో జాన్ గ్రోలియే కూడా అలాంటి మాటే తన పుస్తకాల బైండు మీద బంగారు అక్షరాలతో వేయించాడు. పుస్తకం నాదంటూనే నీదీ అనడానికి ఎంత పెద్ద మనసు కావాలి!

పిన్ని: ఆ స్నేహితుల చేతికి పుస్తకాలు వెళ్ళాయో లేదో నాకు తెలియదు. ఆయన పోయాక ఎక్కడికెళ్ళాయో మాత్రం తెలుసు. పిర్క్‌హైమర్ 1530లో పోయాడు. 1636లో అరండల్ ప్రభువు థామస్ హోవర్డ్ ఆ లైబ్రరీని న్యూరెంబర్గ్‌లో కొని ఇంగ్లండుకు పట్టుకుపోయాడు. 1667లో ఆయన మనవడు దాన్ని రాయల్ సొసైటీకి దానమిచ్చాడు. ఆ సొసైటీ 19వ శతాబ్దంలో వ్రాతప్రతుల్ని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేసింది, అచ్చు పుస్తకాల్ని తర్వాత అమ్ముకుంది. చెదిరిపోయాయి. ఇప్పుడు ఏ దేశంలోనో ఒక పుస్తకం తెరిస్తే డ్యూరర్ చెక్కిన చీటీ కనబడుతుంది, ఓహో ఇది న్యూరెంబర్గ్ నుంచి బయల్దేరిందా అని తెలుస్తుంది. నాకు ఆ చీటీలో గొప్పగా కనబడేది అదీ.

అబ్బాయి: మన దేశంలో ఆ దారి ముద్రల్లో ఉంటుంది. అతికించే కాగితం కంటే ఇక్కడ ముద్రే ఎక్కువ. 15వ శతాబ్దంలో హెరాత్‌లో ముహమ్మద్ జూకీ అనే తైమూరు వంశపు రాకుమారుడి కోసం తయారైన షానామా అనే పారశీక కావ్యం ప్రతి ఒకటి లండన్‌లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ దగ్గరుంది. దాని మీద బాబరు, హుమాయూన్, జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు ముద్రలున్నాయి. ఒక్కొక్కరూ ముందువాళ్ళ ముద్ర చెరపకుండా పక్కన తనది వేసుకుంటూ పోయారు. అలా చెరపకుండా ఉంచడం దేనికి? తన పెద్దల చేయి పడ్డ పుస్తకం ఇప్పుడు తన చేతికొచ్చిందని చూపించుకోవడానికి. అది మనసు కాదా?

పిన్ని: రాజ్యం వారసత్వంగా వచ్చినవాళ్ళ సంగతి అది. కొల్లగొట్టి తెచ్చుకున్నవాళ్ళ సంగతో? టిప్పు సుల్తాను దగ్గర రెండు వేల వ్రాతప్రతుల దాకా ఉండేవి. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఈస్టిండియా కంపెనీ వాళ్ళు తీసుకుపోయారు. చార్లెస్ స్టూవర్టు 1809లో వాటి కేటలాగు అచ్చు వేశాడు. వాటిలో టిప్పూ, తండ్రి హైదరూ కొన్నవి తక్కువేననీ, చాలా భాగం సావనూరు నుంచీ కర్నాటిక్ నుంచీ మన కడప నుంచీ దోచి తెచ్చినవనీ రాశాడు. తెచ్చినవాటికి టిప్పు కొత్త బైండు కట్టించి, దేవుడిచ్చిన ప్రభుత్వం అన్న ముద్ర అట్ట మీద వేయించాడు. దాని మీద మళ్ళీ కంపెనీ స్టాంపు. అలాంటి పుస్తకంలో పాత నవాబు ముద్ర లోపలెక్కడైనా మిగిలి ఉంటేనే కడప పేరు బతుకుతుంది. లేకపోతే అట్ట చెప్పిందే చరిత్ర. పుస్తకంలో ఎవరి గుర్తు చెరిగిపోతే వాళ్ళు పుస్తకంతో పాటు పోతారు. అందుకే చీటీ అందం గురించి నాకు పట్టింపు లేదు. పేరుందా, ఊరుందా, సంవత్సరముందా? అవే చాలు.

అబ్బాయి: బొమ్మ అక్కర్లేదంటావా?

పిన్ని: అక్కర్లేదు.

అబ్బాయి: అయితే ఆఫెన్‌బాక్ సంగతి చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీలో అమెరికా సైన్యానికి పుస్తకాల గుట్టలు దొరికాయి. యూరప్ అంతటా యూదుల ఇళ్ళ నుంచీ, పాఠశాలల నుంచీ, ప్రార్థనాలయాల నుంచీ నాజీలు ఎత్తుకొచ్చినవి. ఫ్రాంక్‌ఫర్టుకి ఎదురుగా, మైన్ నదికి అవతల ఆఫెన్‌బాక్‌లో ఐజీ ఫార్బెన్ కంపెనీ భవనం ఒకటి తీసుకుని, 1946లో వాటిని అక్కడికి చేర్చారు. ముందు సీమోర్ పొమ్రెంజ్ అనే అధికారి, ఆయన తర్వాత ఐజక్ బెంకోవిట్జ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ డిపోకి పెద్దలు. అన్నీ కలిపి ముప్పై లక్షలకు పైగా పుస్తకాలూ కాగితాలూ ఆ డిపో గుండా వెళ్ళాయి. ఎవరి పుస్తకం ఎవరిదో తేల్చాలి. వాటిలో చాలావాటి మీద రాత హీబ్రూలోనో రష్యన్ లిపిలోనో ఉంది. వాటిని విడదీయాల్సిన పనివాళ్ళు జర్మన్లు, వాళ్ళకా లిపులు రావు. బెంకోవిట్జ్ ఏం చేశాడంటే, ప్రతి స్టాంపునీ ప్రతి బుక్‌ప్లేటునీ ఫొటో తీయించాడు. ఒక్కొక్క మనిషికి కొన్ని గుర్తులు చొప్పున పంచి, వాటి ఆకారాలు కంఠతా పట్టమన్నాడు. పుస్తకాలు వరసగా వస్తుంటే, ఎవరి వంతు గుర్తును వాళ్ళు పట్టుకుని పక్కన పెట్టేవారు. పేరు చదవలేదు పిన్నీ. చదవడం రాదు. గుండ్రమో, నక్షత్రమో, దీపస్తంభమో, ఆకారం చూసి పట్టుకున్నారు. ఆ ఫొటోల ఆల్బములు ఇప్పటికీ ఉన్నాయి. నీకక్కర్లేదన్న బొమ్మే ఆ పుస్తకాల్ని ఇంటిదారి పట్టించింది.

పిన్ని: ...ఈ ఆకారం సంగతి నేనెప్పుడూ ఈ వైపు నుంచి ఆలోచించలేదు. సరే, బొమ్మకు పనుంది. ఇప్పుడు నన్నొకటి అడగనీ. నీ ఆల్బం ఇలా తే. ఈ చీటీ ఏ పుస్తకంలోది?

అబ్బాయి: అది... కోల్‌కతాలో ఒక డీలరు దగ్గర విడిగా కొన్నాను.

పిన్ని: ఇది?

అబ్బాయి: హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద. ఏదో లా పుస్తకం. సగం చెదలు తినేసింది. చీటీ ఒక్కటే బాగుంది.

పిన్ని: తడిగుడ్డ వేసి ఊడదీశావు.

అబ్బాయి: బ్లాటింగు పేపరు తడిపి, మెల్లగా. ఒక్క పోగు కూడా చిరగలేదు.

పిన్ని: చీటీ చిరగలేదు సరే. పుస్తకానికేమైంది? లోపలి అట్ట మీద పాలిపోయిన నలుచదరం మచ్చా, జిగురు చారా మిగిలి ఉంటాయి. ఆ పుస్తకం ఎవరిదో ఇంక ఏ లైబ్రేరియనూ చెప్పలేదు. ఈ చీటీ ఏ పుస్తకాన్ని కాపలా కాసిందో నువ్వు చెప్పలేవు. ఇందాక నువ్వే అన్నావు, పెన్సిలు గీతకూ మనిషికీ ముడి వేసేది చీటీ అని. ఆ ముడి నువ్వే విప్పావు. ఆఫెన్‌బాక్‌కి ఆ పుస్తకాలు చేరేలోపు నీలాంటి సేకర్త ఒకడు తడి బ్లాటింగు పేపరుతో వాటి మధ్య తిరిగి ఉంటే?

అబ్బాయి: అంత మాటనకు. సేకర్తలు లేకపోతే ఈ విద్యే లేదు. అగస్టస్ వోలాస్టన్ ఫ్రాంక్స్ 1897లో చనిపోతూ తన చీటీలన్నీ బ్రిటిష్ మ్యూజియానికి రాసిచ్చాడు. 1903, 1904 సంవత్సరాల్లో అచ్చయిన మూడు సంపుటాల కేటలాగులో ముప్పై అయిదు వేలకు పైగా ఉన్నాయి. ఏ డాలు ఎవరిదో తేల్చుకోవాలంటే నీ లైబ్రేరియన్లు ఇవాళ్టికీ ఆ కేటలాగే తెరుస్తారు. పిచ్చి పట్టినట్టు పోగు చేసిన మనిషి ఒకడుంటేగా అది పుట్టింది!

పిన్ని: తెరుస్తారు, నేనూ తెరిచాను. కానీ ఆ చీటీల్లో పుస్తకంలోంచి ఊడొచ్చినవి ఎన్నో, ఒక్కొక్కదాని వెనక ఒక పుస్తకం అనాథ అయింది. ఏ పుస్తకం నుంచి తీశానన్నది చీటీ వెనక పెన్సిలుతో ఒక్క లైను రాసి ఉంటే ఎంత బాగుండేది! చెదలు తిన్న పుస్తకమంటున్నావు కదా, దాని పేరూ సంవత్సరమూ రాసుకున్నావా?

అబ్బాయి: లేదు. ఇక మీదట రాస్తాను. కానీ నేను చేసేవాటికి ఈ నింద రాదు. ఇప్పుడు కళాకారులు చేసే చీటీల్లో చాలాభాగం పుస్తకంలోకి వెళ్ళవు. సేకర్తలు ఒకరితో ఒకరు మార్చుకుంటారు. 1966లో హాంబర్గ్‌లో దేశదేశాల సంఘాలన్నీ కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఏ పద్ధతిలో అచ్చయిందో ప్రతి చీటీ మీదా గుర్తు వేస్తాం. చెక్క అచ్చయితే ఎక్స్ 1, లినోలియం అయితే ఎక్స్ 3, ఎచింగ్ అయితే సి 3. వాటిని చిన్న చిత్రాలుగానే చూడాలి.

పిన్ని: చిత్రాలుగా చూస్తాను, మెచ్చుకుంటాను కూడా. పుస్తకం ముఖం చూడని చీటీని పుస్తకాల చీటీ అని మాత్రం అనలేను. ఇంకోటి. ఆఫెన్‌బాక్ కథ నువ్వు సగంలో ఆపావు. గుర్తులు పట్టి పంపించెయ్యగా చివరికి వారసులు దొరకని పుస్తకాలు లక్షల్లో మిగిలాయి. వాటిని పంచడానికి జూయిష్ కల్చరల్ రీకన్‌స్ట్రక్షన్ అనే సంస్థ ఏర్పడింది. తత్వవేత్త హన్నా ఆరెంట్ అక్కడ కార్యదర్శిగా పనిచేసింది. ఇజ్రాయెల్‌కీ అమెరికాకీ మరికొన్ని దేశాల లైబ్రరీలకీ సుమారు అయిదు లక్షల పుస్తకాలు పంచారు. అలా పంచినవాటికి ఆ సంస్థ ఒక చీటీ అచ్చు వేయించి అతికించింది. దాని మీద మనిషి పేరు లేదు, సంస్థ పేరే ఉంది. యజమాని గురించి బుక్‌ప్లేటు ఏం చెబుతుందని పొద్దుటినుంచీ వాదిస్తున్నావు కదా. ఈ చీటీ ఏం చెబుతుందో చెప్పు.

అబ్బాయి: ఒకప్పుడు దీనికి యజమాని ఉన్నాడు అని.

పిన్ని: అతన్ని చంపేశారు, అతని తర్వాత అడగడానికొచ్చేవాళ్ళను కూడా మిగల్చలేదు అని. ఫ్రాయిడ్ స్ఫింక్స్ కంటే, ఐన్‌స్టైన్ కొండ కంటే ఈ చీటీ నాకు ఎక్కువ చెబుతుంది. దాన్ని పుస్తకంలో చూడాలి. విడిగా నీ ఆల్బంలో పెడితే అది ఒక సంస్థ లేబులు మాత్రమే.

అబ్బాయి: కాదనను. మన తెలుగు పుస్తకాల్లో ఇలాంటి చీటీలు ఎందుకు అంతగా కనపడవు పిన్నీ? ఫుట్‌పాత్‌ల మీదా, ఇక్కడి లెనిన్ సెంటరు కొట్లలోనూ ఎంత వెతికినా నాకు దొరికేవి రబ్బరు స్టాంపులూ, ఇంకు పెన్నుతో రాసిన పేర్లూ, బడిలో ఇచ్చిన బహుమతి లేబుళ్ళే.

పిన్ని: పుస్తకాల గది ఉండేంత ఇల్లు ఎంతమందికి ఉండేదిరా? తాటాకుల రోజుల్లో గ్రంథం చివర రాసినవాడు తన పేరూ, ఎవరి కోసం రాశాడో ఆ పేరూ, సంవత్సరం, తిథీ చెప్పి, నూనె తగలనీయకండి, నీళ్ళు పడనీయకండి అని వేడుకునేవాడు. అచ్చు పుస్తకం వచ్చేసరికి మనవాళ్ళు సొంత చీటీల కంటే ముందు లైబ్రరీలు పెట్టుకున్నారు. ఈ ఊళ్ళోనే 1911లో రామమోహన గ్రంథాలయం వచ్చింది, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో. అంతకుముందే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. ఆ గుండ్రటి స్టాంపే మన బుక్‌ప్లేటు. ఊరివాళ్ళందరిదీ అని చెప్పే చీటీ. ఇంకే డాలూ సింహమూ దానికి సాటి రావని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అబ్బాయి: బొమ్మల మీదా పద్యాల మీదా కొట్టేస్తారు ఆ స్టాంపు!

పిన్ని: దొంగలు మొదటి పేజీ చింపేస్తారని లోపల ఏదో ఒక పేజీలో కూడా కొట్టమంటారు. నేనైతే మార్జిన్‌లోనే కొట్టేదాన్ని.

అబ్బాయి: సరే, అసలు సంగతికి రా. ఈ పుస్తకాలు రేపు వెళ్ళిపోతాయి. చెప్పినవన్నీ విన్నాక, ఇవి నీ దగ్గర్నుంచి వెళ్ళాయని చెప్పే చీటీ ఒక్కటైనా ఉండొద్దా?

పిన్ని: ఇచ్చేసేవాటి మీద నా పేరెందుకు?

అబ్బాయి: మొట్టమొదటి చీటీల్లో ఒకటి ఇచ్చేసినవాళ్ళదే! జర్మనీలోని బీబెరాక్ ఊరివాడు హిల్‌ప్రాండ్ బ్రాండెన్‌బర్గ్ 1480 ప్రాంతంలో తన పుస్తకాల్ని బుక్స్‌హైమ్ మఠానికి దానమిచ్చాడు. వాటిలో డాలు పట్టుకున్న దేవదూత చీటీ అతికించారు. డాలు మీద ఎద్దు. అచ్చుకు చేత్తో రంగులు అద్దారు. 1803లో మఠాల ఆస్తులు ప్రభువులకు పోయాయి, 1883లో ఆ లైబ్రరీని మ్యూనిక్‌లో వేలం వేశారు. పుస్తకాలు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. ఇవాళ ఏ లైబ్రరీలోనైనా ఆ దేవదూత కనబడితే, ఇది బుక్స్‌హైమ్‌ది అని పట్టుకుని, ఆ మఠంలో ఏమేం చదివేవారో పండితులు జాబితా కడుతున్నారు. నువ్వు అడిగిన దారి అదే కదా?

పిన్ని: అదే. ...అయితే చేసిపెట్టు. కానీ దేవదూతలొద్దు. కళ్ళజోడూ, దీపమూ, తెరిచిన పుస్తకమూ ఏవీ వద్దు. నా పేరు రాయి. ఊరు రాయి. కొన్న సంవత్సరమూ కొన్న చోటూ రాసుకోవడానికి ఒక గీత వదులు. దాని కింద ఖాళీ గీతలు ఇంకో మూడు, నా తర్వాత వచ్చేవాళ్ళకు.

అబ్బాయి: అది ఆఫీసు ఫారం అవుతుంది. ఆకారం కావాలి. చదవడం రానివాడు కూడా చూసి పట్టుకోవాలి.

పిన్ని: ఏ ఆకారం?

అబ్బాయి: తాటాకు. సన్నగా, పొడుగ్గా, దారం ఎక్కించే రెండు చిల్లుల గుర్తులతో. అట్ట కింది అంచున సరిపోతుంది, దేన్నీ కప్పదు.

పిన్ని: అది నచ్చింది. కాగితం మాత్రం ఆమ్లం లేనిది తే. లేకపోతే పది పదిహేనేళ్ళలో ఎదురు పేజీ మీద గోధుమ రంగు మరక దిగుతుంది. జిగురు మైదాతో ఉడికించు, పల్చగా. బైండింగువాళ్ళలా మైలుతుత్తం కలపకు. పురుగు పట్టదంటారు గానీ కాగితానికి మంచిది కాదు. ఫెవికాల్ అసలు వద్దు. ఇంకెప్పుడైనా ఎవరైనా తీయాల్సి వస్తే నీళ్ళతో రావాలి.

అబ్బాయి: ఇందాక తీసినందుకు తిట్టావు!

పిన్ని: అట్ట చెడి కొత్త అట్ట వేయాల్సి వస్తే చీటీని కొత్త అట్టకు మార్చాలిగా. అందుకు. ఆల్బంలోకి కాదు.

అబ్బాయి: బాబాయి పేరున్న పుస్తకాల సంగతేంటి? ఆ పేరు మీద అతికించెయ్యనా?

పిన్ని: వద్దు. ఆయన చేతిరాత కనపడాలి, కప్పకు. దాని పక్కన నా చీటీ అతికించు. కొన్నది ఎవరో, పేరు రాసింది ఎవరో రెండూ ఉండనీ.

అబ్బాయి: పక్కన చోటు లేకపోతే?

పిన్ని: వెనకట్ట లోపల అతికించు. ముందు ఆ పై అర దించు, సంవత్సరాలు గుర్తున్నవి నేను చెబుతాను, నువ్వు రాసుకో.